పిట్ట ముట్టని గ్లాసు

కుమారస్వామి ఆ పొద్దున రాయమల్లు ఇంటి మెట్లెక్కే వేళకు ఆయన చేతిలో ఉన్న సరుకు ఒకే ఒక్క మాట: "ఆ గ్లాసు మా అయ్యది కాదు."

మాట అన్నవాడు పోలీసు లాకప్పులో ఉన్న రాయమల్లు కారు డ్రైవరు ఫ్రాన్సిస్. మోసుకొచ్చింది ఆ ఇంట్లోనే పనిచేసే అతని భార్య ఏసమ్మ. బజారులో పెడితే ఇలాంటి సరుకును ఎవడూ ముట్టడు. లాకప్పులో ఉన్నవాడి మాట పోలీసు కొనడు. పెళ్ళాం చెప్పే సాక్ష్యం కోర్టు తక్కెడలో తూగదు. పైగా గడువు తక్కువ. సాయంత్రం ఫ్రాన్సిస్‌ను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆలోపు పోలీసుల లెక్క తప్పని తేలకపోతే అతను హత్య కేసులో జైలుకు పోతాడు. లోపలికి పోయిన మనిషిని బయటికి తేవడం, అమ్మిన సరుకును తిరిగి తెచ్చుకోవడం కన్నా కష్టం.

కుమారస్వామి పాతికేళ్ళు గిన్నెల దుకాణం నడిపినవాడు. దుకాణం తమ్ముడికి అప్పజెప్పి డిటెక్టివ్ బోర్డు కట్టుకుని చాలా కాలమైనా ఊరు ఆయన్ను సేటు అనే పిలుస్తుంది. ఆయనకూ పెద్ద తేడా కనపడదు. అప్పుడు సొట్ట గిన్నెను మంచిదని అంటగట్టేవాళ్ళను పట్టుకునేవాడు. ఇప్పుడు సొట్ట మాటను అంటగట్టేవాళ్ళను పట్టుకుంటున్నాడు.

పోలీసుల కూడిక మటుకు పైకి సరిగ్గానే ఉంది. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లు యజమాని రాయమల్లు మొన్న సాయంత్రం మేడ మీది గదిలో కుర్చీలోనే ప్రాణం విడిచాడు. పక్కన టీపాయి మీద ఒక గాజు గ్లాసు. కాడ పొట్టి, పొట్ట గుండ్రం, మూతి ఇరుకు. అందులో నీళ్ళు కూడా కలపని విస్కీ. విస్కీలో పత్తి చేలకు కొట్టే పురుగుమందు. గ్లాసు మీద ఫ్రాన్సిస్ వేలిముద్రలు. ఇంటి వెనక అతను ఉండే గదిలో మందు డబ్బా. అంతకు ముందు రోజే కారుకు గీత పడిందని రాయమల్లు అతన్ని నలుగురిలో తిట్టాడు. ఇంకేం కావాలి?

గేటు దగ్గర ఎల్లస్వామి ఎదురొచ్చాడు. చచ్చినవాడికి సొంత అన్న, వర్ధన్నపేట దగ్గర పత్తి రైతు. ఆయన తోడు లేకపోతే కుమారస్వామి ఆ ఇంటి గడప తొక్కగలిగేవాడు కాదు.

"సేటూ, ఇయ్యాల మూడొద్దులు. మీద డాబా మీద తమ్మునికని పిట్టకు కూడు పెడుతున్నం. నువ్వు జర జల్ది చూసుకో" అన్నాడు ముసలాయన. మెట్ల మీద ఆగి గొంతు తగ్గించాడు. "ఇంకొక మాట. చచ్చిన రోజు పగటీలి మా తమ్ముడు ఫోన్ చేసిండు. 'అన్నా, నీకు మొలవని పత్తి గింజలు అంటగట్టినోడు దొరికిండు. తెల్లారి రా, ఇద్దరం పోలీసుల కాడికి పోదాం' అన్నడు."

"పేరు చెప్పిండా?"

"ఫోన్ల చెప్పనన్నడు. నోటికి రాదన్నడు."

కుమారస్వామి ఆ మాటను మడిచి లోపల పెట్టుకున్నాడు. చేతిలో సరుకు రెండయింది.

* * *

మేడ మీది గది తలుపు తీయగానే వాసన మొహాన కొట్టింది. రెండు రోజులు తాళం పడి ఉన్న గది. పాత విస్కీ కంపు, దాని మీద పురుగుమందు ఘాటు, ఆ రెండింటి కిందా మనిషి కక్కిన కక్కు వాసన. కుర్చీ దిండు మీద మరక ఎండి అట్ట కట్టింది. ఆ కుర్చీకి నాలుగడుగుల దూరంలో, చిన్న సింకు ఉన్న బార్ కట్టె బల్ల వెనక నిలబడి, రాయమల్లు అల్లుడు శ్యాంసుందర్ మెత్తని గుడ్డతో గ్లాసులు తుడుస్తున్నాడు. మామ చితి ఆరి ఒక రోజే అయింది.

కిటికీ పక్కన సోఫాలో సీఐ ఓంప్రకాశ్ కూర్చుని సోంపు నములుతున్నాడు. క్లూస్ టీము ఫొటోలు తీసుకుని, విషం గ్లాసు పట్టుకుపోయి, గదికి తాళం వేస్తే ఆ తాళం తీయడానికి వచ్చాడు.

"రా సేటూ. గిన్నెలకు కళాయి వెయ్యనీకి వచ్చినవా?"

"మీరు వేసిన కళాయి ఎంత మందముందో చూద్దామని వచ్చిన సార్."

సీఐ నవ్వలేదు. "కేసు అయిపోయింది. పెద్దాయన మాట కాదనలేక నిన్ను రానిచ్చిన. చూసుకో, పో."

శ్యాంసుందర్ మర్యాదస్థుడు. విత్తనాల కంపెనీకి డీలరు. చొక్కా మడత నలగదు, గొంతు లేవదు. "అంకుల్, ఏమన్న తీసుకుంటరా?" అన్నాడు.

"మంచినీళ్ళు."

అల్లుడు వెనక అల్మారా వైపు తిరిగాడు. దాని నిండా గ్లాసులే. చేయి ఒక వరుస దాకా పోయి, ఆగి, ఇంకో వరుసకు మారి, పొడుగు గ్లాసు ఒకటి తీసింది. కుమారస్వామి ఆ చేతినే చూశాడు. వంటవాడు గరిటె ఎంచుకున్నట్టు కాదు, పూజారి పూవు ఎంచుకున్నట్టు ఉంది.

"నీళ్ళకు గూడ గ్లాసు ఎంచుతవా నాయనా?"

"దేని గ్లాసు దానికుంటది అంకుల్. ఇది పొడుగుది, సోడా పోసుకునేటోళ్ళకు. ఈ పొట్టిది, అడుగు మందమున్నది, ఐస్ వేసుకునేటోళ్ళకు. అసలు విస్కీ తెలిసినోడు మాత్రం ఇది వాడుతడు." కాడ పట్టుకుని ఒక గ్లాసు ఎత్తాడు. గుండ్రని పొట్ట, ఇరుకు మూతి. అల్మారాలో ఆ వరుసలో ఒకటి ఖాళీగా ఉంది. లాబుకు పోయింది దాని తోబుట్టువే. "పొట్టల విస్కీ తిరుగుతది. వాసన అంతా పైకి లేచి ఈ మూతి కాడ జమయితది. అరచెయ్యి తగలొద్దు, వేడి ఎక్కుతది. కింద పట్టుకోవాలె. ముందు కన్ను, తర్వాత ముక్కు, ఆఖరుకు నాలుక. సరైన గ్లాసు లేకుంటే విస్కీ తాగుడు ఎందుకు అంకుల్, సారా తాగొచ్చు."

చెబుతూ చెబుతూ ఆ వట్టి గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. గదిలో కక్కు కంపు కొడుతుంటే ఈ మనిషి లేని విస్కీ వాసన వెతుక్కుంటున్నాడు. కుమారస్వామి తనకిచ్చిన నీళ్ళు తాగకుండానే బల్ల మీద పెట్టాడు.

"మీ మామ కూడ దీంట్లనే తాగేటోడా?"

"మొదట్ల కాదు. పాతకాలం మనిషి గదా. నేనే నేర్పిన. ఈ ఏడాది సంది దీంట్లనే."

"నీళ్ళు కలపకుండా?"

"చుక్క కూడ కలపకుండా."

"ఐతే ఒక మాట చెప్పు. ఈ గ్లాసుల కూల్‌డ్రింకు పోస్తే ఏమైతది?"

శ్యాంసుందర్ మొహం మొదటిసారి కదిలింది. చెప్పు కింద పురుగు పడితే ఎలా మారుతుందో అలా మారింది. "ఛీ. మంచి విస్కీల కూల్‌డ్రింకు పోసుడు... దానికన్నా బాత్రూంల పారబోసుడు నయం. ఎవడన్న పోస్తే చూసుకుంట నిలబడలేను నేను."

"మంచిది" అన్నాడు కుమారస్వామి. "నాకు కావాల్సింది ఆ ఒక్క మాటే."

ఆయన కుర్చీ పక్కకు పోయి, మోకాళ్ళు కటకటమంటుంటే కింద కూర్చున్నాడు. తెల్లని పాలరాతి గచ్చు. కుడి చేతి వైపు, టీపాయికి ఇవతల, గోధుమ రంగు చుక్కలు చిన్న వరుసగా వంపు తిరిగి పడి ఉన్నాయి. అగ్గిపుల్ల ఆనించాడు. పుల్ల అంటుకుని సాగి వచ్చింది. చుక్కల చుట్టూ చీమలు. ఒక్కటీ కదలడం లేదు. చుక్కకు మూతి ఆనించినవి ఆనించినట్టే ఎండిపోయాయి.

"సార్, ఒక్కసారి ఇటు రాండ్రి."

సీఐ సోఫాలోంచే మెడ చాచాడు. "ఏముందక్కడ? చీమలు చచ్చినయి. ఇగ చీమల హత్య కేసు కూడ రాసుకోవాల్నా?"

"చీమ పురుగుమందు కోసం రాదు సార్. వట్టి విస్కీ కోసమూ రాదు. తీపి కోసమే వస్తది. మీ గ్లాసుల దొరికిందేమో నీళ్ళు కూడ కలపని విస్కీ. మరి ఈ గచ్చు మీదికి తీపి ఎక్కడిది?"

"ఎప్పటియో మరకలు."

"ఏసమ్మ పొద్దుగాల పొద్దుగాల ఈ గది తుడుస్తది. ఆయన చచ్చిన రోజు పొద్దుగాల గూడ తుడిచింది. పాతయి ఐతే చీమలు ఎందుకు చస్తయి? ఈ చుక్కలల్ల విషముంది. రాయమల్లు ఆ సాయంత్రం తాగింది ఈ చుక్కలు రాలిన గ్లాసుల నుంచి. మీరు లాబుకు పంపిన గ్లాసుల నుంచి కాదు."

శ్యాంసుందర్ తుడవడం ఆపలేదు. తుడుస్తున్న గ్లాసు మాత్రం ఇందాకటిదే. తుడిచిందాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు.

కుమారస్వామి లేచి గచ్చు మీదే కళ్ళు పెట్టి చెప్పాడు. "రాయమల్లు మొదటి గుటకకు ముందు వేళ్ళు ముంచి, సచ్చిపోయిన పెద్దలకు సాక చల్లేటోడు. మూడు సార్లు, కుడి పక్కకు, ఏసమ్మ రోజూ చూసేది. కల్లు తాగిన ఇంట్ల పుట్టిన మనిషి, మేడ కట్టినా ఆ అలవాటు పోలేదు. ఆయన కుడి చేతికి మూడు వేళ్ళు సగానికే ఉండె. జిన్నింగు మిషను కొరికింది. ఆ మొండి వేళ్ళు ముంచాల్నంటే గ్లాసు మూతి వెడల్పుండాలె, నిండుగ అంచు దాక ఉండాలె. మీ అల్లుడుగారి ఇరుకు మూతి గ్లాసుల అడుగున ఉన్న విస్కీని ఆ వేళ్ళు అందుకుంటయా?"

"ఎడమ చేత్తోని ముంచిండేమో" అన్నాడు సీఐ.

"పెద్దలకు ఎడమ చేత్తోనా సార్? మీ ఇంట్ల గట్లనే పెడుతరా?"

సీఐ దవడ కింద సోంపు నమలడం ఆగింది.

"ఇంకొకటి" అన్నాడు కుమారస్వామి. "నలభై ఏండ్లు దూది దుమ్ము పీల్చిన ముక్కు రాయమల్లుది. కూర మాడినా తెలిసేది కాదు. ఆ ముక్కుకు వాసన జమజేసే గ్లాసు నేర్పిన్నంటడు అల్లుడు. గుడ్డోనికి అద్దం అమ్మినట్టుంది బేరం. ముక్కు పనిజెయ్యదని తెలిసినోడే ఇంత ఘాటు మందు కలిపి ఇచ్చే ధైర్యం జేస్తడు."

"అది ఫ్రాన్సిస్‌కూ తెలుసు" అన్నాడు శ్యాంసుందర్ నెమ్మదిగా.

"తెలుసు. కానీ ఫ్రాన్సిస్ ముట్టనిది ఒకటుంది ఈ ఇంట్ల. రాయమల్లు స్టీలు గ్లాసు. వెడల్పు మూతిది, పేరు చెక్కింది. మా దుకాణంలనే కొన్నడు, పేరు నేనే చెక్కిచ్చిన. దాంట్లనే విస్కీ, దాంట్లనే కూల్‌డ్రింకు. తాగిన తర్వాత తానే కడిగి తన బీరువాల పెట్టుకునేటోడు. మందు తాగే గ్లాసు వంటింట్లకు రావొద్దని సచ్చిపోయిన భార్య పెట్టిన ఆన. ఆ గ్లాసుల విషముంటే ఫ్రాన్సిస్ మీదికి నేరం పోదు. ఫ్రాన్సిస్ కడిగేవి ఈ గాజు గ్లాసులు. అందుకే గ్లాసు మారింది, అందుకే మందు డబ్బా అతని గదిలకు చేరింది."

"ఇది కత" అన్నాడు సీఐ లేస్తూ. "స్టీలు గ్లాసు అనేటిది ఒకటున్నట్టు ఎవలు చెప్పిన్రు? డ్రైవరు పెండ్లామేనా? ఇంకెవడన్న చూసిండా?"

కుమారస్వామి ఆయన దగ్గరికి పోయాడు. సోంపు వెనక విస్కీ వాసన ఉందేమోనని వెతికాడు. ఇవాళ లేదు. "మీరు చూసిన్రు సార్."

"ఏమన్నవ్?"

"ఈ సోఫాల మీరు చాలాసార్లు కూసున్నరు. మీకు చేపలు వేయించి పంపింది ఏసమ్మనే. రాయమల్లు స్టీలు గ్లాసు, కూల్‌డ్రింకు, సాక, అన్నీ మీ కండ్ల ముందటివే. ఆ గాజు గ్లాసు చూసిన నిమిషమే మీకు తెలుసు, అది ఆయనది కాదని. ఐనా నోరు తెరువలేదు. తెరిస్తే, ఇక్కడ కూసొని తాగిన సంగతి బయటికొస్తది. మీ సోఫా మచ్చ కడగనీకి ఒక మనిషిని జైలుకు తోలుతాన్నరు."

సీఐ మొహం నల్లబడింది. "నోరు జాగ్రత్త సేటూ. గిన్నెలమ్మినోనివి గిన్నెలమ్మినట్టుండు. నీ లైసెన్సు ఎంతసేపు నిలుస్తదనుకుంటున్నవ్?"

"లైసెన్సు పోతే దుకాణం ఉంది సార్. ఫ్రాన్సిస్‌కు ఏముంది?"

సీఐ కిటికీ బయటికి చూశాడు. ఆ చూపులో కోపం కన్నా లెక్క ఎక్కువ. ఎటు తూగితే తనకు నష్టం తక్కువో చూసుకుంటున్నాడు. దొంగ సరుకు కొన్నవాడి మొహం కుమారస్వామి చాలా చూశాడు. ఇంత అసహ్యంగా ఎప్పుడూ అనిపించలేదు. చంపినవాడికి ఒక కారణముంటుంది. చూసి ఊరుకున్నవాడికి చేపముక్కలే కారణం.

"సరే" అన్నాడు సీఐ చివరికి. "ఏదీ ఆ గ్లాసు? చూపించు. చూపిస్తే మాట్లాడదాం."

రాయమల్లు బీరువా పక్క గదిలోనే ఉంది. తాళం లేదు. తలుపు తీస్తే మడతపెట్టిన ధోవతులు, మందుబిళ్ళలు, సగం కూల్‌డ్రింకు సీసా. పై అరలో దుమ్ములో గుండ్రని మచ్చ. గ్లాసు ఉండే చోటు. గ్లాసు లేదు.

శ్యాంసుందర్ గుమ్మంలో నిలబడి ఆ ఖాళీ మచ్చను చూశాడు. ఊపిరి తేలిగ్గా వదలాల్సిన మనిషి. అతను వదలలేదు. కళ్ళు గది నలుమూలలా తిరిగాయి. దాచినవాడు తాను పెట్టిన చోట సరుకు కనపడకపోతే ఎలా వెతుక్కుంటాడో అలా. అంటే కడిగి మళ్ళీ ఇక్కడే పెట్టాడు. మాయం చేస్తే గ్లాసేదని ఎవరో ఒకరు అడుగుతారు. ఉన్నచోట ఉంటే ఎవరూ అడగరు. తెలివైన లెక్కే. మరి దాన్ని కదిలించింది ఎవరు?

డాబా మీంచి ఎల్లస్వామి గొంతు వినిపించింది. "కా... కా... రా బిడ్డా, రా..."

కుమారస్వామి మెట్లకు అడ్డం పడి పరుగెత్తాడు. అల్లుడు, సీఐ వెనకే ఎక్కారు.

* * *

డాబా మీద నీళ్ళు చల్లి ముగ్గేశారు. విస్తరాకులో అన్నం, మాంసం కూర, ఉడికిన గుడ్డు. చచ్చినవాడికి ఇష్టమైనవన్నీ. విస్తరి పక్కన రాయమల్లు స్టీలు గ్లాసు, అంచు దాకా నిండి ఉంది. విస్కీలో కూల్‌డ్రింకు. పేరు అక్షరాలు ఎండకు మెరుస్తున్నాయి. చుట్టాలు ఓ పక్కగా నిలబడ్డారు. ఏసమ్మ మెట్ల దగ్గరే ఆగిపోయింది, నోట్లో ప్రార్థన. రాయమల్లు ఒక్కగానొక్క కూతురు సుకన్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"నాయిన గ్లాసుల పెడితేనే నాయిన వస్తడని నేనే తెచ్చిన బాపూ" అంటోంది పెదనాన్నతో.

పిట్టగోడ అవతల ఫోను స్తంభం మీద కాకులు ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. మనుషులు వెనక్కి జరిగారు. దిగలేదు. ఎల్లస్వామి చేతులు జోడించాడు.

"ఏం కోరిక మిగిలింది తమ్మీ నీకు? నీ బిడ్డను నేను చూసుకుంట. మిల్లు పని చూసుకుంట. ఇంకేం కావాలె? రా..."

దిగలేదు. చుట్టాల్లో గుసగుస మొదలైంది. పిట్ట ముట్టకపోతే పోయినవాడికి తృప్తి లేనట్టు. ఆ మాట ఒకసారి లేచిందంటే ఆ ఇంటి మీద ఏడాదంతా వేలాడుతుంది.

ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. "నేనొక గుటక తాగి పెడుత. పెద్దోడు ఎంగిలి జేస్తే తమ్ముడు కాదంటడా?" వంగి స్టీలు గ్లాసు ఎత్తాడు.

కుమారస్వామి మెట్ల చివర నిలబడి ఎల్లస్వామిని చూడలేదు. శ్యాంసుందర్‌ను చూశాడు. ముసలాయన పక్కకు చేరి నిలబడ్డ అల్లుడు చెయ్యి చాచితే అందేంత దూరంలో ఉన్నాడు. ఒక్క మాట చాలు. "వద్దు బాపూ" అంటే చాలు. అనలేదు. గ్లాసు ముసలాయన మూతి దాకా లేస్తుంటే చూస్తూ నిలబడ్డాడు. గుటక వేసింది మాత్రం తాను.

కూల్‌డ్రింకు పోస్తే చూస్తూ నిలబడలేనన్న మనిషి ఇతనే.

కుమారస్వామి ఒక్క అంగలో పోయి ఎల్లస్వామి మణికట్టు పట్టుకున్నాడు. పైన ఉన్న రెండు చుక్కలు ముగ్గు మీద చిందాయి.

"ఎల్లన్నా, ఆగు. కొడుకులు లేని ఇంట్ల అల్లుడే కొడుకు. అల్లునితోని ఏదో పేచీ మిగిలినట్టుంది రాయమల్లుకు. ముందు అల్లుని తాగనియ్యి. పిట్ట అప్పుడు దిగుతదేమో చూద్దాం."

చుట్టాలంతా తలలూపారు. న్యాయమైన మాటే. ఎల్లస్వామి గ్లాసు చాచాడు. "తీసుకో బిడ్డా. ఒక్క గుటక. మీ మామకు శాంతి."

శ్యాంసుందర్ చేతులు వెనక్కి పోయాయి. "నేను... స్టీలుల తాగను బాపూ. నాకు పడదు."

"గ్లాసు మంచిది కాదా నాయనా?" అన్నాడు కుమారస్వామి.

"అది కాదంకుల్. స్టీలుల రుచి మారుతది. గాజు గ్లాసు తెస్త, ఇంట్ల శానా ఉన్నయి. దాంట్ల పోసి..."

"సాక పెట్టే కాడ గ్లాసు ఎంచుతరార?" ఎవరో పెద్దావిడ గట్టిగానే అంది.

"ఒక్క గుటక. మూతి తడుపు. నువ్వు కడిగిన గ్లాసే గదా, భయమెందుకు?"

కుమారస్వామి ఆ మాట ఊరికే విసిరాడు. కడిగినట్టు ఆయన దగ్గర సాక్ష్యం లేదు, ఊహే. వ్యాపారి ఒక్కోసారి ఖాళీ పెట్టె మీద గుడ్డ కప్పి వేలం పాడతాడు. కొనేవాడు ఎటునుంచి వస్తాడో తెలియదు.

కొన్నది సుకన్య.

ఆమె నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది. భర్తనే చూస్తోంది.

"అవును" అంది. "మొన్న సాయంత్రం నువ్వే కడిగినవు. నేను మీదికొచ్చేసరికి బార్ సింకుల సబ్బు పెట్టి నాయిన గ్లాసు తోముతున్నవు. ఎన్నడూ ఆ గ్లాసు ముట్టనోనివి. ఆయనను ఇంత మంచిగ చూసుకుంటున్నవని సంబురపడ్డ నేను." ఒక అడుగు ముందుకు వేసింది. "నాయిన నిద్రపోయిండు, లేపకు, కిందికి పో అన్నవు. పోయిన. నేను పోయిన..."

శ్యాంసుందర్ మొహంలో మర్యాద అలాగే ఉంది, మనిషి మాత్రం లోపల లేడు.

"కడిగిన గ్లాసుల ఏముంటది?" అన్నాడు. ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు అది. తానే అన్నానని తెలిసి నోరు మూసుకున్నాడు.

"గాజు ఐతే ఏముండదు" అన్నాడు కుమారస్వామి. "స్టీలు గ్లాసుకు అంచు బయటికి మడుస్తరు, మూతి కోసుకోకుండా. ఆ మడతలకు దిగింది సబ్బుకు రాదు. మా దుకాణంల రోజూ చూసిన సంగతి. నీకు తెల్వదు. నీ గ్లాసులల్ల మడత ఉండదు గదా."

ఎల్లస్వామి చేతిలోని గ్లాసును దూరంగా పట్టుకుని, అల్లుడిని కింది నుంచి పై దాకా చూశాడు. "మొలవని గింజలు... నువ్వేనారా?" అన్నాడు. తిట్టులాగా రాలేదు ఆ మాట. పక్కకు తిరిగి పిట్టగోడ మీంచి ఉమ్మేశాడు.

సీఐ ఓంప్రకాశ్ అప్పటికి లెక్క పూర్తి చేసుకున్నాడు. తక్కెడ ఎటు వాలిందో చూసి అటు దూకడం ఆయనకు కొత్త కాదు. శ్యాంసుందర్ భుజం మీద చెయ్యి వేసి, ఈ కేసు తానే మొదటినుంచీ ఇలా అనుకుంటున్నట్టు గొంతు పెంచాడు. "నడువు. చీమల నుంచి అన్నీ మల్ల ఫొటోలు తీపిస్త." తర్వాత ఎల్లస్వామి వైపు చెయ్యి చాచి, "ఆ గ్లాసు ఇటియ్యి పెద్దాయనా. సాక్ష్యం. నేను చూసుకుంట" అన్నాడు. కుమారస్వామి పక్కగా పోతూ ఆయన చెవిలో మాత్రం ఇంకో మాట పడేశాడు. "స్టేషన్ల గ్లాసులు పగులుతయి, సొట్టలు పోతయి సేటూ. నా సోఫా ముచ్చట ఇంకొక్కసారి నీ నోట్ల వినపడొద్దు."

జవాబు ఎల్లస్వామి నుంచి వచ్చింది. ముసలాయన వినలేదు ఆ గుసగుస. అయినా గ్లాసు ఇవ్వలేదు.

"నీ చేతికియ్య" అన్నాడు. "తమ్మునిది ఇది. లాబుల మనిషి సంతకం పెట్టి తీసుకునేదాక నేనే పట్టుకొస్త. ఏసమ్మా, ఒక డబ్బా తే. మూతున్నది."

ఏసమ్మ పరుగున మూత డబ్బా తెచ్చింది. గ్లాసులోది గ్లాసులోనే ఉంచి నిలబెట్టి మూత బిగించారు. చుట్టాలందరూ ఫోన్లు తీసి వీడియోలు తీశారు. సీఐ ఆ ఫోన్లన్నిటినీ చూసి మెట్లు దిగాడు. ముసలాయన డబ్బాను రెండు చేతులా పొట్టకు హత్తుకుని జీపులో ముందు సీటులో కూర్చున్నాడు. వెనక సీటులో అల్లుడు. జీపు కోర్టు తోవ పట్టింది. దాని వెనకే, దారిలో వకీలును ఎక్కించుకుంటానని, ఏసమ్మ ఆటోలో పోయింది, మొగుణ్ణి ఇంటికి తెచ్చుకోవడానికి.

కుమారస్వామి డాబా మీద ఒక్కడే మిగిలాడు. సుకన్య కింద ఎక్కడో వాంతి చేసుకుంటోంది. ఆ చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

ఫోను స్తంభం మీంచి కాకి ఒకటి దిగింది. అటూ ఇటూ చూసి, మాంసం ముక్క ముక్కున కరుచుకుని పోయింది. దాని వెనక ఇంకోటి.

ఆయన అలవాటు కొద్దీ లెక్క వేసుకున్నాడు. పొద్దున వచ్చినప్పుడు చేతిలో ఒక డ్రైవరు మాట. ఇప్పుడు వచ్చినవి: అంచు మడతలో విషం దాచుకున్న గ్లాసు, కన్నకూతురు నోట వచ్చిన సాక్ష్యం, సాయంత్రానికి ఇల్లు చేరే మనిషి. పోయినవి: ఒక బిడ్డ సంసారం, ఒక సీఐ అభిమానం. ఆ రెండోది ఎప్పుడూ తన దగ్గర లేదు కాబట్టి నష్టం కింద రాయనక్కర్లేదు. మొదటిదానికి ఏ ధర కట్టాలో పాతికేళ్ళ వ్యాపారం ఆయనకు నేర్పలేదు. అది రాయకుండా వదిలేసి, దాహమేస్తున్నా ఆ ఇంట్లో ఏ గ్లాసూ ముట్టకుండా, మెట్లు దిగిపోయాడు.